ఫ్రాకింగ్ కొన్నాళ్లు ఆపితే ఆ కాలంలో ఏం చేయాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. నేల లోపల షేల్ రాయిని నీటి ఒత్తిడితో పగలగొట్టి గ్యాస్ తీసే పద్ధతే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్. వాడుకలో ఫ్రాకింగ్ అంటున్నాం. దాన్ని కొంతకాలం ఆపి, పర్యావరణానికి ఏం జరుగుతోందో చూడాలన్న మాట చాలా చోట్ల వినిపిస్తోంది. మీ సందేహాలకు జవాబులు చెప్పడానికి భూగర్భజలాల నిపుణురాలు మనతో ఉన్నారు. మొదటి కాల్. హలో, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మా పొలాన్ని ఆనుకునే గ్యాస్ బావులు తవ్వుతారంటున్నారు. ముందు పని ఆపి స్టడీ చేయాలని కొందరు అర్జీ పట్టుకొచ్చి సంతకం అడుగుతున్నారు. కంపెనీ వాళ్లేమో, రెండు మూడు కిలోమీటర్ల లోతున జరిగే పనికీ మీ బోరుకీ సంబంధమేంటి అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదమ్మా.

నిపుణురాలు: మీ టెన్షన్ నాకు అర్థమైందండీ. లోతు గురించి వాళ్లు చెప్పింది నిజమే. అంత కింద పుట్టిన పగులు నేరుగా మీ నీళ్ల దాకా పాకడం అరుదు. కానీ ఆ లోతుకు దిగే గొట్టం మీ నీళ్ల పొరను దాటుకునే కదా వెళ్లాలి! గొట్టం చుట్టూ పోసిన సిమెంట్ సరిగా పట్టకపోతే ఆ సందులోంచి గ్యాస్ పైకి వస్తుంది. నేల మీద జరిగేవి వేరే ఉన్నాయి. రసాయనాలు ఒలికిపోవడం, బావిలోంచి తిరిగొచ్చిన ఉప్పునీటిని అడుగున ఏ పొరా వేయని గుంటల్లో నిలవ చేయడం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2016 డిసెంబరులో ఇచ్చిన తుది నివేదికలో ఇవన్నీ ఉన్నాయి. కొన్ని పరిస్థితుల్లో తాగునీటికి హాని జరగవచ్చని అందులో తేల్చారు. అది ఎంత తరచుగా జరుగుతోందో మాత్రం దేశం మొత్తానికి లెక్క చెప్పలేకపోయారు.

శ్రోత: అంత పెద్ద సంస్థ కూడా చెప్పలేకపోయిందా?

నిపుణురాలు: తగినంత సమాచారం లేదండీ. ముఖ్యంగా చాలా చోట్ల తవ్వకముందు నీళ్లు ఎలా ఉండేవో ఎవరూ కొలిచి పెట్టలేదు. 2011లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు పెన్సిల్వేనియా, న్యూయార్క్ ప్రాంతాల్లో 60 తాగునీటి బావులు పరీక్షించారు. గ్యాస్ బావికి కిలోమీటరు లోపు ఉన్న వాటిలో మీథేన్, అంటే ఆ తీసే గ్యాస్‌లో ప్రధానంగా ఉండే వాయువు, చాలా ఎక్కువగా కనిపించింది. వెంటనే వచ్చిన అభ్యంతరం ఏమిటంటే, ఆ మీథేన్ ముందునుంచీ అక్కడే ఉందేమో అని. కాదని చూపించడానికి పాత కొలతలు లేవు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. నష్టపోయినవాళ్లు తమ నష్టాన్ని నిరూపించుకోలేకపోతున్నారు.

శ్రోత: మరి సంతకం పెట్టమంటారా?

నిపుణురాలు: నేనైతే పెడతాను. కానీ అర్జీలో "ఆపండి" అన్న ముక్క ఒక్కటే ఉంటే సరిపోదు. ఏం కొలుస్తారు, ఎవరు కొలుస్తారు, ఫలితాలు జనానికి ఎక్కడ చూపిస్తారు, ఎప్పటిలోగా తేలుస్తారు, ఈ నాలుగూ రాయించండి. లోపలికి పంపే రసాయనాల పేర్లు కూడా అడగండి. ఆ ద్రవంలో రసాయనాల వాటా 2 శాతం లోపే అంటారు. ఒక్క బావికే 57 లక్షల నుంచి 6 కోట్ల లీటర్ల దాకా నీళ్లు పట్టవచ్చు. అందులో 1 శాతమంటే ఎంతో మీరే లెక్క వేసుకోండి. పేరు తెలియని రసాయనాన్ని ఏ ల్యాబూ వెతకలేదు.

శ్రోత: సరేనమ్మా.

నిపుణురాలు: ఇంకో పని. ఎవరి నిర్ణయం కోసమూ ఆగకుండా మీ బోరు నీళ్లు ఇప్పుడే టెస్ట్ చేయించండి. మీథేన్, క్లోరైడ్, బ్రోమైడ్, బేరియం, స్ట్రాన్షియం, టీడీఎస్ (అంటే నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు) అని రాసి ఇవ్వండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. నీళ్లు ల్యాబ్ మనిషే వచ్చి పట్టాలి, తేదీ, సంతకం ఉండాలి. ఖర్చు ఎక్కువైతే చుట్టుపక్కల నాలుగిళ్లవాళ్లు కలిసి ఒక బోరుకైనా చేయించుకోండి.

వ్యాఖ్యాత: మంచిదండీ. తర్వాతి కాల్. చెప్పండి.

శ్రోత: మేడమ్, నేను ఫ్రాకింగ్ సైట్‌లోనే పని చేస్తాను. రెండేళ్లు ఆపేయండని అందరూ తేలిగ్గా అంటున్నారు. ఆ రెండేళ్లు మా ఇల్లు ఎలా గడవాలి?

నిపుణురాలు: మీరడిగింది న్యాయమైన ప్రశ్న. ఆపాలని కోరేవాళ్లలో నేనూ ఒకదాన్ని కాబట్టి దీనికి జవాబు చెప్పాల్సిన బాధ్యత నాకుంది. గడువు లేకుండా ఆపితే ముందు నలిగేది మీలాంటివాళ్లే. అందుకే తేదీ వేసి ఆపాలంటాను. ఆ కాలంలో చేయాల్సిన పని కూడా బోలెడుంది. పాత బావుల సిమెంట్ తనిఖీ చేయాలి, లీకులు వెతకాలి, వదిలేసిన బావులు మూయాలి, నీటి నమూనాలు తీయాలి. బావి పని తెలిసిన చేతులే వీటికి కావాలి. ఆ పనుల్లో మొదట మిమ్మల్నే తీసుకోవాలని మీ యూనియన్ ద్వారా రాతపూర్వకంగా అడిగించండి. ఒకటి అడుగుతాను, రాతి పగుళ్లు మూసుకోకుండా నీళ్లతో పాటు లోపలికి ఇసుక పంపుతారు కదా, మీరు ఆ ఇసుక దగ్గర పని చేస్తారా?

శ్రోత: అవును మేడమ్, ఇసుక దింపే చోటే.

నిపుణురాలు: మాస్క్?

శ్రోత: మామూలు గుడ్డ మాస్క్ ఇస్తారు.

నిపుణురాలు: అది చాలదండీ. ఆ సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి చేరితే సిలికోసిస్ అనే జబ్బు రావచ్చు, దాన్ని నయం చేసే మందు లేదు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే నియోష్ అనే సంస్థ 11 ఫ్రాకింగ్ సైట్లలో 116 గాలి నమూనాలు తీసి చూస్తే, దాదాపు సగం అక్కడి చట్టం పెట్టిన పరిమితిని దాటాయి. 2012లో హెచ్చరిక కూడా ఇచ్చారు. స్టడీ అంటే నీళ్లూ గాలీ మాత్రమే కాదు, మీ ఛాతీ ఎక్స్-రే కూడా అందులో ఉండాలి. ఈ వారంలో డాక్టర్‌కి చూపించుకుని, సిలికా దుమ్ములో పని చేస్తున్నానని మీరే నోరు తెరిచి చెప్పండి. సరైన రెస్పిరేటర్ అడగడం మీ హక్కు.

శ్రోత: ఇంతవరకు ఎవరూ చెప్పలేదు మేడమ్.

వ్యాఖ్యాత: తప్పకుండా చూపించుకోండి. ఇంకొకరు లైన్‌లో ఉన్నారు.

శ్రోత: నమస్తే. ఒకే ప్రశ్న. ఫ్రాకింగ్ వల్ల భూకంపాలు వస్తాయా?

నిపుణురాలు: వచ్చాయండీ. ఇంగ్లండ్‌లో బ్లాక్‌పూల్ దగ్గర 2011లో 2.3 తీవ్రతతో వస్తే పని ఆపారు. కొత్త నిబంధనలతో మళ్లీ అనుమతిచ్చారు. 2019 ఆగస్టులో ఆ ప్రాంతంలోనే 2.9 వచ్చింది, నవంబరులో మళ్లీ నిలిపేశారు. అమెరికాలోని ఓక్లహోమాలో 2016లో 5.8 వచ్చింది. అయితే దానికి కారణం ఫ్రాకింగ్ కాదు, చమురు గ్యాస్ బావుల వ్యర్థజలాన్ని లోతైన బావుల్లోకి పంపడం. కాబట్టి ఆ నీళ్లు ఎటు పోతున్నాయన్నది కూడా అధ్యయనంలో ఉండాలి.

వ్యాఖ్యాత: మరో కాల్.

శ్రోత: మేడమ్, నేను కాలేజీలో చదువుతున్నాను. తాత్కాలికంగా ఆపడం అంటే మెల్లగా నిషేధించడమే అని మా ఫ్రెండ్స్ వాదన. నిజమేనా?

నిపుణురాలు: రెండు రకాలుగానూ జరిగిందమ్మా. న్యూయార్క్ రాష్ట్రం 2008లో సమీక్ష మొదలుపెట్టింది. అది తేలేదాకా ఈ బావులకు అనుమతులు ఇవ్వలేదు. 2014 డిసెంబరులో ఆరోగ్య శాఖ నివేదిక వచ్చాక నిషేధం ప్రకటించారు. ఆస్ట్రేలియాలోని నార్తర్న్ టెరిటరీ 2016లో ఆపింది, విచారణ సంఘం 2018లో 135 సిఫార్సులు చేసింది, ఆ ఏప్రిల్‌లోనే నిలిపివేత ఎత్తేశారు. గ్యాస్ ఉత్పత్తి మొదలయ్యే లోపు ఆ ప్రాంతం నీళ్లూ జీవజాలమూ ఎలా ఉన్నాయో కొలిచి పెట్టాలన్నది ఆ సిఫార్సుల్లో ఒకటి. నాకు బాగా నచ్చింది అదే. ఫలితం ముందే రాసిపెట్టుకుని ఆపితే అది అధ్యయనం కాదు, అటైనా ఇటైనా. మీ ఫ్రెండ్స్‌కి ఈ రెండు కథలూ చెప్పు.

వ్యాఖ్యాత: చివరి కాల్‌కి టైమ్ ఉంది. చెప్పండమ్మా.

శ్రోత: మా పక్కన రెండేళ్ల కిందటే తవ్వేశారండీ. ఇప్పుడు కుళాయి నీళ్లు తెల్లగా బుడగలతో వస్తున్నాయి. కాసేపుంచితే తేరుకుంటున్నాయి. అడిగితే, మీ బోరే పాతదన్నారు. నాకింక ఆలస్యమైపోయినట్టేనా?

నిపుణురాలు: ముందు జాగ్రత్త చెబుతాను. బుడగలు మామూలు గాలి వల్ల కూడా రావచ్చు, మీథేన్ కూడా కావచ్చు. తేలేదాకా బోరు గది తలుపులు తెరిచి ఉంచండి, అక్కడ అగ్గిపుల్ల గీయకండి, స్నానాల గది కిటికీ మూయకండి. నీళ్లలో మీథేన్ లీటరుకు 28 మిల్లీగ్రాములు దాటితే వెంటనే ఏదో ఒకటి చేయాల్సిందే. టెస్ట్‌లో మీథేన్‌తో పాటు కార్బన్ ఐసోటోప్ కూడా అడగండి. అది పైపొరల్లో సూక్ష్మజీవులు పుట్టించిన గ్యాసో, లోతు నుంచి వచ్చిందో గుర్తుపట్టడానికి సాయపడుతుంది. మోటారు కాసేపు నడిపించాక, సీసాలో గాలి లేకుండా మూత పెట్టి, చల్లగా ఉంచి పంపాలి. అమ్మా, ఆ బోరు వేసినప్పుడు నీళ్లు పరీక్ష చేయించారా?

శ్రోత: మా మామగారు చేయించారు. ఆ కాగితం బీరువాలో ఎక్కడో ఉండాలి.

నిపుణురాలు: వెతకండమ్మా! అందులో మీథేన్ ఉండకపోవచ్చు, కానీ క్లోరైడ్, టీడీఎస్ ఉండవచ్చు. తవ్వకముందు మీ నీళ్లు ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యం అదే. దొరికితే ఫొటో తీసి పెట్టుకోండి, జిరాక్సులే ఇవ్వండి, అసలుది ఎవరడిగినా ఇవ్వకండి.

శ్రోత: ఇప్పుడే చూస్తానండీ. ఫోన్ పెట్టేస్తున్నాను.