చివరి రెండు నిమిషాలు

(కెనడా రాక్ గాయకుడు, గిటారిస్టు నీల్ యంగ్ ఎనభయ్యో పుట్టినరోజు సందర్భంగా విశాఖపట్నం ద్వారకానగర్‌లో జరిగిన అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, పెద్దలకు, నాకంటే చురుకైన చెవులున్న పిల్లలకు నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు అభిమానంతో నాలుగు మాటలు ఎక్కువే చెప్పారు. వాటిలో మూడింటిని మొహమాటంతో ఒప్పుకుంటాను గాని, ఒకదాన్ని మాత్రం సరిదిద్దక తప్పదు. నీల్ యంగ్ పాటలను నలభై ఏళ్ళుగా పూర్తిగా విన్నవాడినని వారు నా గురించి అన్నారు. ఆ 'పూర్తిగా' అన్న మాట దగ్గరే నా బాధంతా ఉంది.

నాకు అప్పగించిన పని చిన్నది. 1945 నవంబరు 12న కెనడాలోని టొరంటోలో పుట్టిన ఆ మనిషికి ఎనభై నిండాయి గనుక, ఆయన పాటల్లో మేలైన పదింటిని మనమంతా ఓట్లు వేసి ఎంచుకున్నాం. ఆ జాబితాను పదో స్థానం నుంచి మొదటి స్థానం దాకా చదివి, ఒక్కొక్కదాని గురించి రెండు మాటలు చెప్పి దిగిపోవాలి. జాబితా నా జేబులోనే ఉంది. అయితే ఓట్లు లెక్కపెట్టినవాడిని నేనే కాబట్టి, ఆ లెక్కలో జరిగిన అన్యాయం గురించి ముందుగా చెప్పుకోనివ్వండి.

1979లో వచ్చిన 'రస్ట్ నెవర్ స్లీప్స్' రికార్డు 'మై మై, హే హే' అనే పాటతో మొదలవుతుంది. అక్కడ ఆయన ఒక్కడే, చేతిలో మామూలు గిటారు, ఎదుట నిశ్శబ్దంగా కూర్చున్న జనం. అదే రికార్డు చివర అదే పాట పేరు తిరగేసుకుని, కొద్దిగా మాటలు మార్చుకుని, 'క్రేజీ హార్స్' బృందంతో కలిసి ఇంటి పైకప్పు లేచిపోయేంత హోరుతో తిరిగి వస్తుంది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1975లో, 'టునైట్స్ ద నైట్' రికార్డు కూడా ఒకే పాటతో మొదలై ఆ పాటతోనే ముగిసింది. 1989లో 'ఫ్రీడమ్' రికార్డులో 'రాకిన్ ఇన్ ద ఫ్రీ వరల్డ్' పాటకూ ఆయన ఇదే పని చేశాడు. ఒకసారైతే పొరపాటనుకోవచ్చు, రెండోసారికి సరదా అనుకోవచ్చు, మూడోసారి కూడా చేశాడంటే ఆ మనిషి మనకు ఏదో చెబుతున్నాడనే అర్థం. మన ఓటు చీటీలో మాత్రం వాటిని వేరువేరు పాటలుగా అచ్చువేశారు. 'మై మై, హే హే' ఒక రూపానికి ఏడు, రెండో రూపానికి ఆరు ఓట్లు పడ్డాయి. రెండూ కలిపితే పదమూడు. పదకొండు ఓట్లు వచ్చిన 'హార్ట్ ఆఫ్ గోల్డ్' మొదటి స్థానంలో కూర్చుంది. తోడి రాగంలో ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడితే అవి రెండు కీర్తనలని ఈ ఊళ్ళో ఏ రసికుడైనా లెక్క కడతాడా?

'హార్ట్ ఆఫ్ గోల్డ్' మీద నాకు పగ ఏమీ లేదు. వెన్నునొప్పితో బాధపడుతూ, బరువైన ఎలక్ట్రిక్ గిటారు తగిలించుకుని నిలబడలేక, కూర్చుని వాయించుకునే గిటారుతో 1971లో నాష్‌విల్‌లో ఆయన రికార్డు చేసిన పాట అది. వెనుక గొంతు కలిపినవారు లిండా రాన్‌స్టాట్, జేమ్స్ టేలర్. 1972లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది, ఆ దేశంలో ఆయన పాట మరొకటి ఆ స్థానానికి మళ్ళీ చేరలేదు. ఆ తరువాత 1977లో వచ్చిన తన సంకలనంలో ఆ పాట పక్కన ఆయనే రాసుకున్న వ్యాఖ్య ఒకటి ఉంది. ఆ పాట తనను నడిరోడ్డు మీదికి చేర్చిందనీ, అక్కడ ప్రయాణం విసుగెత్తి పక్కనున్న గోతిలోకి బండి తిప్పాననీ దాని సారాంశం. పాడినవాడే వదిలి వెళ్ళిన రోడ్డు మీద, యాభై ఏళ్ళ తరువాత, మనం బారులు తీరి నిలబడి ఓట్లు వేస్తున్నాం.

ఆ గోతిలోకి ఎందుకు దిగాడో కుర్రవాళ్ళకు తెలియాలి. 'క్రేజీ హార్స్' బృందంలో డానీ విటెన్ అనే గిటారిస్టు ఉండేవాడు. మాదకద్రవ్యాలకు అలవాటు పడి, 1972లో కచేరీల యాత్రకు సాధన చేసే సమయానికి వాయించలేని స్థితికి వచ్చేశాడు. నీల్ యంగ్ అతని చేతిలో యాభై డాలర్లు, విమానం టికెట్టు పెట్టి ఇంటికి పంపించేశాడు. ఆ రాత్రే, నవంబరు 18న, విటెన్ చనిపోయాడు. మరుసటి ఏడాది వాళ్ళ సామాను చూసే బ్రూస్ బెర్రీ కూడా అదే దారిన పోయాడు. ఆ దుఃఖంలో 1973లో రికార్డు చేసినదే 'టునైట్స్ ద నైట్'. గొంతు అక్కడక్కడా శ్రుతి తప్పుతుంది, ఆయన దాన్ని దిద్దలేదు. దిద్దితే అది వేరే పాట అయ్యేది. మన పదింటిలో దానికి చోటు లేదు. రెండు రూపాలకూ కలిపి పడినవి నాలుగే ఓట్లు, వాటిలో ఒకటి నాది.

జాబితాకు వస్తాను. రాకముందు ఒక్క సంగతి.

1983లో ఆయన రికార్డు కంపెనీ గెఫెన్ ఆయన మీద కోర్టుకు వెళ్ళింది. ఆరోపణ ఏమిటో తెలుసా? ఆయన నీల్ యంగ్ లాగా పాడటం లేదట! మనం టీ దుకాణం దగ్గర చేసే వాదనను వాళ్ళు న్యాయస్థానం దాకా తీసుకువెళ్ళారు. తరువాత దావా వెనక్కు తీసుకుని ఆయనకు క్షమాపణ చెప్పుకున్నారు గాని, ఆ రోజుల్లో ఆయన యంత్రంలోంచి మాట్లాడుతున్నట్టు గొంతు మార్చి పాడిన 'ట్రాన్స్' పాటలను అభిమానులు నేటికీ క్షమించలేదు. సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట్లాడలేని తన కొడుకుతో మాట కలపాలన్న తపనలోంచి ఆ యంత్రపు గొంతు పుట్టిందని తెలిశాక నేను క్షమించాను. మన చీటీల్లో దానికి ఒక్క ఓటూ లేదు.

ఆ 1983లోనే నా కథ మొదలవుతుంది. మా చిన్నమామయ్య సరుకు ఓడ మీద ఉద్యోగం చేసేవాడు. ఓడ విశాఖ రేవుకు వచ్చినప్పుడల్లా ఇంటికి ఒక సబ్బు పెట్టె, నాకు ఒక రికార్డు తెచ్చేవాడు. ఆ ఏడు తెచ్చింది నీల్ యంగ్ 1977 నాటి రికార్డు 'అమెరికన్ స్టార్స్ ఎన్ బార్స్'. రికార్డు ఉంది గాని మా ఇంట్లో దాన్ని తిప్పే యంత్రం లేదు. జగదాంబ సెంటరు దగ్గర క్యాసెట్లకు పాటలు ఎక్కించే దుకాణం ఒకటి ఉండేది, దాని పేరు చెప్పను. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు కొని, రికార్డూ క్యాసెట్టూ అక్కడ ఇచ్చి, సాయంత్రం వెళ్ళాను. ఒక్కో వైపు ముప్పై నిమిషాలే పడుతుంది. దుకాణదారుడు తన లెక్కల ప్రకారం పాటల వరుస మార్చి, 'లైక్ ఎ హరికేన్' పాటను మొదటి వైపు చివర పెట్టాడు. ఇంటికి వచ్చి వింటే, గిటారు మంచి ఊపులో ఉండగా ఆరో నిమిషం దాటాక టేపు ఠక్కున ఆగిపోయింది. మర్నాడు పరుగున వెళ్ళి అడిగితే ఆయన తాపీగా ఇలా అన్నాడు: "పాటయిపోనాది బాబూ, ఇంకేటుంది, ఉత్త వాయింపే కదా."

ఉత్త వాయింపే కదా! నలభై రెండేళ్ళుగా ఈ మాట నా చెవిలో ఉంది. మనది పద్య నాటకాల నేల. పద్యం నాలుగు పాదాలూ ముగిశాక నటుడు తీసే రాగం ఉందే, జనం వన్స్‌మోర్ కొట్టేది దానికే గదా? ఈలపాట రఘురామయ్యగారు పద్యం చదివేసి, రాగం తీయకుండా తెర వెనక్కు వెళ్ళిపోయి ఉంటే ఆయన కోసం ఎడ్లబళ్ళు కట్టుకుని ఎవరైనా వెళ్ళేవారా? 'లైక్ ఎ హరికేన్'లో మాటలు కొన్నే. మాటలకు అందనిదేదో ఆ మనిషికి ఉన్నదని చెప్పేది గిటారే. దుకాణదారుడు దాన్ని కోసేసి పాట అయిపోయిందన్నాడు.

ముందు వరుసలో కూర్చుని నవ్వుతున్న నా హాస్టలు మిత్రుడికి మిగతా కథ తెలుసు. ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టలులో, ఆ పాటే గొప్పదని నేనూ, నీల్ యంగ్‌దే మరో పాట 'కోర్టెజ్ ద కిల్లర్' గొప్పదని అతనూ వాదించుకోని రాత్రి లేదు. "నీ పాటకు ముగింపే లేదురా" అని అతను అన్నప్పుడల్లా, "గొప్ప పాట అలాగే తెగిపోవాలి, నీకు రుచి తెలియదు" అని బల్ల గుద్ది చెప్పేవాడిని. తెలియదా నాకు, అది టేపు అయిపోవడమని? తెలుసు. అయినా ఓడిపోవడం ఇష్టం లేక, దుకాణదారుడి కత్తెరను నీల్ యంగ్ కళగా నిలబెట్టి ఇరవై ఏళ్ళు వాదించాను. ఈ సభాముఖంగా ఒప్పుకుంటున్నాను బావా, నన్ను మన్నించు.

ఆ రికార్డు సీడీగా రావడానికి 2003 దాకా పట్టింది. మా మేనకోడలు పంపించింది. ఆ పాట నిడివి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు. ఆరో నిమిషం వచ్చేసరికి అలవాటు కొద్దీ నా చెయ్యి క్యాసెట్టు తిప్పడానికి లేచింది. పాట ఆగలేదు. ఇరవై ఏళ్ళ తరువాత మిగిలిన రెండు నిమిషాలూ విన్నాను. నేను ఇరవై ఏళ్ళు పొగిడిన పాట కంటే అసలు పాట చాలా పెద్దది.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ తరువాత దాని పుట్టుక గురించి చదివాను. గొంతుకు శస్త్రచికిత్స జరిగి పాడలేని రోజుల్లో, 1975లో, ఆయన దాన్ని కట్టాడు. బృందంతో ఎన్నిసార్లు వాయించినా కుదరలేదు. ఇక చాలనుకుని లేచిపోతున్నప్పుడు బృందంలోని ఫ్రాంక్ సాంపెడ్రో స్ట్రింగ్‌మ్యాన్ అనే కీబోర్డు మీద ఊరికే వేళ్ళు వేశాడట, నీల్ యంగ్ గిటారు అందుకున్నాడట. వాళ్ళు మళ్ళీ వాయిస్తున్నారని విని రికార్డింగువాళ్ళు అప్పుడు యంత్రం నొక్కారు. అందుకే ఆ పాటకు ఆరంభమంటూ లేదు, తలుపు తీసేసరికి లోపల అప్పటికే పాట జరుగుతున్నట్టు ఉంటుంది. అంటే మొదలు వాళ్ళ దగ్గర పోయింది, చివర జగదాంబ సెంటరులో పోయింది!

నా మిత్రుడు నవ్వడం ఆపాలి, ఎందుకంటే అతని పాటా అంతే. గొంతు వినబడటానికి మూడు నిమిషాలకు పైగా గిటారుతో కూర్చోబెట్టే ఆ 'కోర్టెజ్' పాటను రికార్డు చేస్తుండగా యంత్రానికి కరెంటు పోయి, ఒక చరణం మొత్తం టేపు మీదికి ఎక్కలేదని బృందంవారే చెప్పారు. ఆ సంగతి చెబితే, ఆ చరణం తనకు ఎలాగూ నచ్చలేదన్నాడట నీల్ యంగ్. మనం పదిలో ఏది గొప్పదని తూకం వేస్తున్నాం, ఆయన చరణం పోతే పోయిందని ముందుకు వెళ్ళిపోయాడు.

చర్చలో ఒక తమ్ముడు లేచి, తుపానులు చూసిన ఊరు మనది గనుక 'లైక్ ఎ హరికేన్'కే మొదటి స్థానం ఇవ్వాలన్నాడు. అభిమానానికి సంతోషమే గాని, ఆ కారణంతో నా పాటకు ఓటు వద్దు. అందులో తుపాను లేదు, ఒక స్త్రీ ఉంది, ఆమె కళ్ళలోని ప్రశాంతత చూసి దగ్గరికి వెళ్ళి ఎగిరిపోయినవాడు ఉన్నాడు. ఆ ప్రశాంతత ఎలాంటిదో మాత్రం మనకు తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను మన ఊరి మీదుగా వెళ్తున్నప్పుడు గాలి కాసేపు ఆగింది. గండం గడిచిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. ఆ తరువాత గాలి ఎదురు దిక్కు నుంచి కొట్టింది, అప్పటిదాకా నిలిచిన చెట్లు అప్పుడు పడ్డాయి.

కరెంటు లేని ఆ రాత్రుల్లో సీడీ ఉన్నా వినే దారి లేదు. అటక మీది పాత టేప్ రికార్డరు దించి, నాలుగు సెల్లు వేసి, 1983 నాటి క్యాసెట్టు పెట్టాను. ఆరో నిమిషం దాటాక ఎప్పటిలాగే తెగిపోయింది. అంత చీకటిలో అలా వదిలేయడం నా వల్ల కాలేదు. మిగిలిన రెండు నిమిషాలూ నోటితో వాయించాను. మా ఆవిడ పక్క గదిలోంచి, "తుపాను తరువాత ఇది కూడానా, ఇక పడుకోండి" అంది. పడుకోలేదు, చివరిదాకా వాయించాకే పడుకున్నాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. జాబితాను వారి చేతికే ఇస్తున్నాను, గోడకు అంటిస్తే ఇళ్ళకు వెళ్ళేటప్పుడు చదువుకోవచ్చు. అందులో నా పాట ఐదో స్థానంలో ఉంది, దాని మీద ఇక వాదించను. నాకు కేటాయించిన సమయంలో ఇంకా తొమ్మిది నిమిషాలు మిగిలాయి, పాటకు ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు చాలు. దయచేసి పంకాలు ఆపండి. వెనుక తలుపు దగ్గర నిలబడ్డ బాబూ, మధ్యలో కరెంటు పోయినా పోవచ్చు, నువ్వు కిందికి వెళ్ళి జనరేటరు దగ్గర ఉండు.