మైన్‌క్రాఫ్ట్‌లో చెవులు చేసే పని

(స్క్రీన్ మీద: ఆటలో సగం కట్టిన చంద్రగిరి రాజమహల్. ఆటగాడు లోపల నడుస్తున్నాడు.)

మైన్‌క్రాఫ్ట్ అంటే బ్లాకులు పేర్చి కట్టుకునే వీడియో గేమ్. అందులో ఈ అడుగుల చప్పుడు వినండి. ఇది రాయి. ఇప్పుడు ఈ మూలకి వద్దాం... మారింది కదా? ఇక్కడ చెక్క పెట్టేశారు. రంగు కలిసిపోవడంతో కంటికి తెలియలేదు, చెవి పట్టేసింది. అసలు రాజమహల్‌ని కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. అందుకే మన తిరుపతి పిల్లలు దీన్ని కడుతుంటే నేను ముందు చెప్పే మాట ఒకటే: సౌండ్ పెట్టుకుని అంతా ఒకసారి నడిచి చూడండి.

(క్రీపర్ అనే శత్రువు గోడ పక్కకి వస్తుంది.)

జాంబీ మూలుగుతూ వస్తుంది. క్రీపర్ అలా కాదు, దగ్గరికొచ్చేదాకా నోరు విప్పదు. 'స్స్స్' అందంటే ఒకటిన్నర సెకనులో పేలుతుంది. బాగా ఆడేవాళ్లకి ఆ చప్పుడు వినపడగానే, ఆలోచించేలోపే వేళ్లు కదిలిపోతాయి. సరదాకి ఏదో సౌండ్ ప్యాక్ వేసి దాన్ని మార్చేస్తే ఆ అలవాటంతా వృథా. గోడ పోతుంది, టెన్షన్ మిగులుతుంది.

ఆట తయారుచేసేవాళ్లు మార్చినవి వేరే సంగతి. 2020లో 1.16 అప్‌డేట్‌తో నెదర్‌రాక్ అనే ఎర్రటి బ్లాకుకి సొంత చప్పుడు వచ్చింది. అంతకుముందు అది మామూలు రాయిలాగే వినిపించేది. ఇది చాలా మంచి మార్పని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఏం తవ్వుతున్నామో చూడకుండానే తెలుస్తుంది. 2022 జూన్‌లో 1.19తో వార్డెన్ అనే శత్రువు వచ్చింది. దానికి చూపు లేదు, మన అడుగుల కంపనాన్ని బట్టి వస్తుంది. ఉన్ని బ్లాకుల మీద నడిస్తే ఆ కంపనం పుట్టదు. ఆ మరుసటి నెలే రోబ్లాక్స్ అనే ఇంకో గేమ్, లైసెన్స్ చిక్కు వల్ల, పాత్ర చచ్చిపోతే వచ్చే తన 'ఊఫ్' అరుపు తీసేసింది. దానివల్ల ఆట చెడలేదు గానీ, చిన్నప్పటి నుంచి విన్నవాళ్లకి బాధేసింది. ఆ బాధా నిజమే.

(సెట్టింగ్స్ స్క్రీన్.)

ఫోన్ స్పీకర్‌తో ఆడితే చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో సరిగ్గా తెలియదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మ్యూజిక్ ఎక్కువనిపిస్తే అదొక్కటే తగ్గించండి, శత్రువుల చప్పుడు జోలికి వెళ్లకండి. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో 2016 నాటి 1.9 నుంచి సబ్‌టైటిల్స్ ఉన్నాయి. ఏం చప్పుడో, ఏ వైపో బాణం గుర్తుతో చూపిస్తాయి. మీతో ఆడేవాళ్లలో వినికిడి సమస్య ఉన్న తమ్ముడో చెల్లెలో ఉంటే, ముందు ఇది ఆన్ చేసి ఇవ్వండి.