జాబితాలో పేరు

సభకు నమస్కారం.

గత ఎన్నికల రోజున ఒక పోలింగ్ కేంద్రం దగ్గర నేను చూసిన సంగతి ముందు చెబుతాను. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ మనవడి భుజం ఆసరాగా పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఓటరు కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును రుమాల్లో చుట్టి, రుమాలును గుప్పిట్లో పట్టుకుంది. గంటకు పైగా వరుసలో నిలబడింది. లోపల బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగి జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు, మళ్లీ కింది నుంచి పైకి వెతికాడు. పేరు లేదు. చేతిలో కార్డు ఉంది, ఎదురుగా మనిషి ఉంది, ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఇల్లు కిటికీలోంచి కనబడుతూనే ఉంది. జాబితాలో మాత్రం ఆవిడ లేదు. "అమ్మా, మీ పేరు తీసేసినట్టున్నారు" అన్నాడతను. ఆ రోజు కొత్తగా పేరు చేర్చే అధికారం అతనికి లేదు. ఆవిడ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కార్డును మళ్లీ అదే రుమాల్లో, అవే మడతల్లో చుట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

తర్వాత ఆరా తీస్తే తెలిసింది. పక్క వీధిలో అదే పేరుగల మరొకావిడ అంతకు ముందు ఏడాది చనిపోయింది. చనిపోయినావిడ పేరు కొట్టేయబోయి బతికున్నావిడ పేరు కొట్టేశారు. ఇందులో కుట్ర ఏమీ లేదు. కలం ఒక గీత కింద పడింది, అంతే. కానీ ఆ గీత పడిన రోజుకూ పోలింగు రోజుకూ మధ్య నెలలు గడిచాయి. ఆ నెలల్లో ఆ కాగితాన్ని మనలో ఒక్కరం కూడా తెరిచి చూడలేదు. ఆ చూడనివారిలో నేనూ ఉన్నాను. ఈ వేదిక మీదికి నన్ను రప్పించింది ఆ బాధే.

ఓటు హక్కు అనగానే మన కళ్ల ముందు పోలింగు రోజు మెదులుతుంది. కానీ చరిత్రలో ఓటు ఎక్కువగా పోయింది అంతకు చాలా ముందు, ఏదో ఒక కార్యాలయంలో, ఏదో ఒక బల్ల మీద.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని సెల్మా పట్టణాన్ని తీసుకోండి. చర్మం రంగును బట్టి ఓటు నిరాకరించకూడదని ఆ దేశ రాజ్యాంగంలో 1870లోనే రాసుకున్నారు. తొంభై ఏళ్ల తర్వాత, 1961లో, సెల్మా ఉన్న డల్లాస్ కౌంటీలో ఓటు వయసు వచ్చిన నల్లజాతివారు దాదాపు 15,000 మంది ఉంటే, జాబితాకెక్కినవారు 156 మంది. చట్టం వారిని అడ్డుకోలేదు, బల్ల అడ్డుకుంది. పేర్లు నమోదు చేసే కార్యాలయం నెలకు రెండు రోజులే తెరిచేవారు. పని మానుకుని వచ్చి రోజంతా నిలబడితే చివరకు తలుపు మూసేవారు. లోపలికి వెళ్లగలిగిన వారికి రాజ్యాంగంలోని ఒక భాగం చూపించి, దాని అర్థం చెప్పమనేవారు. చెప్పినది సరిపోయిందా లేదా అన్నది ఆ గుమస్తా ఇష్టం. కేంద్ర ప్రభుత్వమే కోర్టుకెక్కి నాలుగేళ్లు పోరాడితే ఆ 156 కాస్తా 383 అయింది. నాలుగేళ్లకు 227 పేర్లు!

1965 మార్చి 7న సుమారు ఆరు వందల మంది ఓటు హక్కు కోరుతూ సెల్మాలోని వంతెన మీదుగా నడిచి వెళ్లబోతే లాఠీలతో, బాష్పవాయువుతో తరిమికొట్టారు. ఆ దృశ్యాలు టీవీలో చూసి దేశం కదిలింది. ఆగస్టు 6న ఓటింగ్ హక్కుల చట్టం వచ్చింది. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే అంశం ఒకటుంది. వివక్ష చరిత్ర ఉన్న ప్రాంతాల్లో ఎన్నికల నియమాలను మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలి. అంటే అన్యాయం జరిగిపోయాక కోర్టుల చుట్టూ తిరగడం కాకుండా, జరగకముందే ఆపడం. ఫలితం ఎలా ఉందో చూడండి. మిసిసిపీ రాష్ట్రంలో ఓటర్లుగా నమోదైన నల్లజాతివారు చట్టానికి ముందు వందకు ఏడుగురు కూడా లేరు. రెండేళ్లలో దాదాపు అరవై మంది అయ్యారు. ఆ ముందస్తు అనుమతి ఏయే ప్రాంతాలకు వర్తించాలో చెప్పే సూత్రాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2013లో కొట్టేసింది. దాంతో ఆ ఏర్పాటు నిలిచిపోయింది. ఒకసారి గెలుచుకున్న హక్కుకు కూడా కాపలా అవసరమని నేను అనడానికి కారణం ఇదే.

ఇక మన దేశం. 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో స్త్రీ, పురుషుడు, చదువుకున్నవారు, చదువు లేనివారు అన్న తేడా లేకుండా అందరికీ ఓటిచ్చాం. ఎంతో గర్వపడవలసిన విషయం. కానీ జాబితాలు రాయడానికి ఇంటింటికీ వెళ్లిన వారికి ఒక చిక్కు ఎదురైంది. చాలా ఇళ్లలో ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి కూతురిని అని మాత్రమే చెప్పారు. సొంత పేరు లేనిదే ఓటరుగా చేర్చేది లేదని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలోంచి పోయాయి.

ఈ అంకెను నేను తరచూ తలచుకుంటాను. సేన్‌ది కఠినమైన నిర్ణయమే. అయినా ఆయన వైపు న్యాయం ఉందనే నా అభిప్రాయం. ఒకరి భార్యగానో కూతురిగానో జాబితాకెక్కితే ఆ ఓటు ఆ ఒకరి నీడలోనే ఉండిపోతుంది. కానీ ఆ 28 లక్షల మందిని తలుపు దగ్గర కూర్చోబెట్టి, "అమ్మా, నీ పేరు నువ్వే చెప్పాలి, చెబితే నీకొక ఓటుంటుంది" అని నచ్చజెప్పే మనిషి ఒకరు ఉండి ఉంటే? అది ప్రభుత్వ ఉద్యోగి ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పక్కింటి మనిషి చేయగలిగిన పని. ఇరుగుపొరుగు నుంచి ప్రజాస్వామ్యానికి అందవలసిన సాయం అదే.

ఓటు వేసి ఇంటికి వచ్చాక ఏం చేస్తాం అన్నది రెండో సంగతి. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989లో ఒక ప్రయోగం మొదలైంది. నగర బడ్జెట్‌లో కొత్త పనులకు పెట్టే డబ్బు ముందుగా దేనికి ఖర్చు చేయాలో పేటల వారీగా సభలు పెట్టి ప్రజలనే తేల్చమన్నారు. మొదట్లో సభలకు జనం పలచగానే వచ్చారు. ఎందుకొస్తారు? చెప్పినా వినేవాడు లేడని అనుభవం నేర్పింది కదా. కానీ అడిగిన మురుగు కాలువ నిజంగా తవ్వడం, అడిగిన వీధికి నిజంగా నీళ్లు రావడం కళ్లారా చూశాక సభలు కిటకిటలాడాయి. ప్రజలు పట్టించుకోరని నిట్టూర్చే అధికారులకు, నాయకులకు నేను పోర్టో అలెగ్రె పేరే చెబుతాను. మాటకు విలువ దక్కిన చోటికి జనం నడిచి వస్తారు.

ఒడిశాలోని నియమగిరి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్న ప్రశ్నలో, కొండను దేవుడిగా కొలిచే డోంగ్రియా కోంధు గిరిజనుల ఆరాధన హక్కులకు భంగం కలుగుతుందా లేదా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది వానాకాలంలో పన్నెండు పల్లెల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. కొన్ని పల్లెలు పట్టుమని కొన్ని పదుల మంది పెద్దవాళ్లున్నవి. మరుసటి ఏడాది జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి అనుమతి నిరాకరించింది. ఏ శాసనసభ ఎన్నికలోనూ లెక్కకు రానంత చిన్న పల్లెలవి. సభకు పేరు పేరునా వచ్చి కూర్చున్నారు, లేచి మాట్లాడారు, మాట్లాడినది కాగితం మీదికి ఎక్కించారు. మూడోది మరవకండి. సభలో ఎంత గట్టిగా మాట్లాడినా, తీర్మానంలో రాయకపోతే ఆ మాట సభ దాటి పోదు.

మీ పరిసరాల్లో ఎక్కడ సభ జరిగినా వెళ్లండి. తీర్మానం చదివి వినిపించమని అడగండి. అలా అడగడం మర్యాద తప్పడం కాదు.

మళ్లీ జాబితా దగ్గరికే వస్తాను, నా మనసంతా అక్కడే ఉంది. ఆ పెద్దావిడ వెనుదిరిగాక మేం ఏడెనిమిది మందిమి కలిసి ఒక పని పెట్టుకున్నాం. ముసాయిదా జాబితా రాగానే వీధి వీధికీ వెళ్లి పేర్లు పైకి చదువుతాం. పైకి చదవడం అవసరం. కాగితం గోడకు అంటిస్తే చదవగలిగినవాళ్లే చదువుతారు, వాళ్లు కూడా తమ పేరు వరకే చూసుకుంటారు. పైకి చదివితే అందరి పేర్లూ అందరూ వింటారు. "ఆయన ఊరు మారాడండీ", "ఈ పిల్లకు పద్దెనిమిది నిండాయి, రాయలేదేం?", "ఆవిడ బతికే ఉంది, అదుగో!" మొదటిసారి చదివినప్పుడు ఒకే వీధిలో ఐదు తప్పులు దొరికాయి. పోయినవారి పేర్లు కూడా చెబుతున్నాం, వాటిని తీసేయమని దరఖాస్తు పెడుతున్నాం. చచ్చిపోయినవారి పేర్లు జాబితాలో ఉంటే వాటితో దొంగ ఓట్లు వేస్తారన్న అనుమానం పుడుతుంది. ఆ అనుమానాన్ని సాకుగా పెట్టుకుని బతికున్నవారి పేర్లు గుంపులు గుంపులుగా కొట్టేసే ప్రమాదం ఉంది. జాబితా శుభ్రంగా ఉంచడమూ, ఎవరి పేరూ అన్యాయంగా పోకుండా చూడటమూ రెండూ మన పనే. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకుంటున్నాం. రసీదు లేని దరఖాస్తు ఇచ్చినట్టు రుజువుండదు.

ఎవరు ఎవరికి ఓటేస్తారో మేం అడగం. ఆ మాట ఎత్తిన కార్యకర్తను ఆ రోజుకు ఇంటికి పంపించేస్తాం. అడిగితే మర్నాడు ఆ వీధిలో మాకు ఒక్క తలుపు తెరుచుకోదు.

ఆ పెద్దావిడ పేరు మళ్లీ చేరింది. కొత్త కార్డు వచ్చిన రోజున నేను వాళ్లింటికి వెళ్లాను. పాత కార్డు ఏం చేయమంటావని అడిగింది. ఉంచుకోండి అన్నాను. రెండింటినీ ఒకే రుమాల్లో చుట్టి పెట్టుకుంది.

జాబితా నకళ్లు ద్వారం పక్కనున్న బల్ల మీద ఉన్నాయి, వీధుల వారీగా విడదీశాం. ఇద్దరు కార్యకర్తలు అక్కడే కూర్చుంటారు, చదవడం రానివారికి చదివి చెబుతారు. మీ పేరు చూసుకున్నాక మీ ఎడమ పక్క ఇంటివారి పేరూ, కుడి పక్క ఇంటివారి పేరూ కూడా చూసి వెళ్లండి.