మోచేతిని వదిలి ముందు పాదం చూడండి

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక్క విషయం మాట్లాడతాను: స్నూకర్ టేబుల్ దగ్గర మనం నిలబడే తీరు, దానికీ క్యూ, అంటే బంతిని కొట్టే కర్ర, పట్టిన చేతికీ ఉన్న సంబంధం. పెద్ద బ్రేకులు, అంటే ఒకే విడతలో వరసగా పాయింట్లు, కట్టడం గురించి, స్పిన్ గురించి వినాలని వచ్చినవారు మన్నించాలి. తెల్ల బంతి అనుకున్న చోటికి తిన్నగా వెళ్లనంత వరకు అవన్నీ గాలిలో మేడలే.

ముందుగా చిన్న లెక్క. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. తెల్ల బంతికీ ఎర్ర బంతికీ మధ్య ఒకటిన్నర మీటర్ల దూరం ఉందనుకోండి. టేబుల్ పొడవు మూడున్నర మీటర్ల పైమాటే కాబట్టి ఇదేమీ పెద్ద దూరం కాదు. రెండు బంతులూ, పాకెట్టూ ఒకే వరసలో ఉన్నాయి. నిండుగా తగిలితే చాలు, ఎర్రది పడిపోతుంది. ఇప్పుడు తెల్ల బంతి ఒక్క డిగ్రీ పక్కకు వెళ్లిందనుకుందాం. ఎర్ర బంతిని చేరేసరికి అది 26 మిల్లీమీటర్లు తప్పుతుంది, అంటే దాదాపు సగం బంతి. దాంతో ఎర్ర బంతి తన దారికి 30 డిగ్రీలు పక్కగా పోతుంది. ఇక్కడ ఒక డిగ్రీ, అక్కడ 30! ఆ ఒక్క డిగ్రీ మన చేతుల దగ్గర ఎంత? క్యూకు ఆనికగా టేబుల్ మీద పెట్టిన చేతి వేళ్ల (బ్రిడ్జ్) నుంచి క్యూ కొస (టిప్) దాకా 25 సెంటీమీటర్లు ఉంటే, టిప్ పక్కకు జరిగేది నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. మామూలు టిప్ వెడల్పులో సగం కూడా ఉండదు. పైగా నడిమధ్య తగలాల్సిన టిప్ పక్కన తగిలి, మనం కోరని స్పిన్ కూడా ఇస్తుంది.

అందుకే పాట్ తప్పిన, అంటే బంతి పాకెట్లో పడని ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్లు ‘చేయి వంకర పోతోంది’ అంటారు. వాళ్లు చూసింది నిజమే. నాకూ ఆ మాటే చెప్పారు. ఫోను వెనుక పెట్టి వీడియో తీసుకుంటే మోచేయి క్యూ వరసను వదిలి కుడివైపు బయటికి పోతున్నట్టు స్పష్టంగా కనిపించింది. దాన్ని లోపలికి లాక్కోవడానికి దాదాపు ఏడాది కష్టపడ్డాను. సాధనలో పది నిమిషాలు కుదురుగా ఉండేది. ఫ్రేమ్, అంటే అసలు ఆట, మొదలై మనసు పాయింట్ల మీదికి పోగానే మళ్లీ మొదటికి వచ్చేది.

అప్పుడు వయసులో పెద్దవారైన ఒక ఆటగాడు నన్ను షాట్‌కు వంగమన్నారు. ఆయన నా చేతి వైపు కన్నెత్తి చూడలేదు. నేల మీద కూర్చుని, నా కుడి బూటు చుట్టూ సుద్దతో గీత గీశారు. ‘ఇప్పుడు లేచి వెనక్కి వెళ్లి చూడు’ అన్నారు. చూశాను. షాట్ వరస మీద ఉండాల్సిన పాదం దానికి బెత్తెడు కుడిగా ఉంది. పాదంతో పాటే తుంటి కూడా జరిగి, సరిగ్గా క్యూ నడవాల్సిన దారిలోకి వచ్చింది. క్యూ వెనక్కి పోవాలంటే దారి కావాలి. తుంటి అడ్డుగా ఉంటే చేయి దాన్ని చుట్టుకుని పోక తప్పదు. ఏడాదిగా నేను కోప్పడుతున్న మోచేయి పాపం చేస్తున్నది అదే. వేరుకు తెగులు పడితే ఆకులకు మందు చల్లుతూ కూర్చున్నాను.

ఇక ఎలా నిలబడాలో చెబుతాను. కుడిచేతి వాటం వారికి చెబుతున్నాను, ఎడమచేతి వారు తిప్పి అన్వయించుకోండి. టేబుల్‌కు రెండడుగులు వెనుక, షాట్ వరస మీద నిటారుగా నిలబడండి. గురి అక్కడే కుదరాలి. తెల్ల బంతి ఏ వరసలో పోవాలో పై నుంచి కనిపించినంత బాగా వంగాక కనిపించదు. ఆ వరసను కళ్లతో పట్టుకుని, కుడి పాదాన్ని దాని మీద వేయండి, వేళ్లు కాస్త బయటికి తిరిగి ఉండవచ్చు. ఎడమ పాదం భుజాల వెడల్పున పక్కకు, కొంచెం ముందుకు. ఎడమ మోకాలు వంగుతుంది. కుడి కాలు చాలామందికి నిటారుగా ఉంటేనే కుదురు, పొడుగువారు రెండూ వంచినా తప్పు లేదు. పక్కన ఉన్నవారిని భుజం మీద మెల్లగా నెట్టమనండి. ఒళ్లు ఊగితే పాదాల మధ్య ఎడం చాలలేదన్నమాట.

తర్వాత గడ్డం ఆ వరస మీదుగానే కిందికి రావాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ముందు వంగిపోయి, ఆ తర్వాత క్యూను అటూ ఇటూ జరిపి గురి సరిచేసుకుంటారు. పాదాలు ఒక వరసకు నిలబడి ఉంటాయి, క్యూ మరో వరసను చూస్తుంటుంది. ఆ తేడాను చివరి క్షణంలో మణికట్టు సర్దాల్సి వస్తుంది. వంగాక ఏదో తేడాగా అనిపిస్తే దయచేసి లేవండి. వెనక్కి వెళ్లి మళ్లీ రండి. ఎదుటివారు చూస్తున్నారని మొహమాటపడి కొట్టేసిన షాట్లే నాకు ఎక్కువ ఫ్రేములు పోగొట్టాయి.

పాదం కుదిరాక చేయి సంగతి తేలిక. మేస్త్రీ గోడ పక్కన వేలాడదీసే గుండును తలచుకోండి. క్యూ టిప్ తెల్ల బంతిని తాకే క్షణాన మోచేతి నుంచి పిడికిలి దాకా చేయి అలా నిట్టనిలువుగా వేలాడాలి. వెనుక నుంచి చూసినవారికి భుజం, మోచేయి, మణికట్టు క్యూతో పాటు ఒకే నిలువు గీతలో కనిపించాలి. మోచేయి తలుపు బందు లాంటిది, అక్కడి నుంచి కింది భాగమే ఊగాలి. పట్టు క్యూ జారకుండా ఉండేంత చాలు. క్యూ వెనక్కి వెళ్తున్నప్పుడు చివరి వేళ్లు కాస్త విచ్చుకోవాలి. బిగించి పట్టుకుంటే మణికట్టు తిరుగుతుంది, ఆ పైన టిప్ మన మాట వినదు.

తల గురించి ఒక మాట. క్యూ గడ్డం కింద నట్టనడుమే ఉండాలన్న నియమం లేదు. 1927 నుంచి 1946 దాకా జరిగిన మొదటి 15 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లనూ గెలిచిన జో డేవిస్‌కు కుడి కంటి చూపు బలహీనం. కుడిచేతి ఆటగాడై ఉండి కూడా ఎడమ కంటి కిందుగా క్యూను నడిపారు. మీ బలమైన కన్ను ఏదో తెలుసుకుని, తలను దానికి తగ్గట్టు ఉంచండి. కళ్లద్దాలు ఉన్నవారికి మరో చిక్కు ఉంది. వంగినప్పుడు చూపు అద్దాల పై అంచు మీదుగా పోతుంది. దాన్ని సర్దడానికి తల ఎత్తితే భుజమూ లేస్తుంది, వరస చెడుతుంది. 1985 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో స్టీవ్ డేవిస్‌ను ఆఖరి నల్ల బంతి మీద 18-17తో ఓడించిన డెనిస్ టేలర్ పెట్టుకున్న ఆ పెద్ద కళ్లద్దాలు ఇందుకే. కళ్లద్దాల చట్రమే పైకి జరిగింది, తల కిందే ఉండిపోయింది.

మీరు మొదలుపెట్టాల్సిన సాధన ఒక్కటే. టేబుల్ ఖాళీ చేయండి. గోధుమ బంతి స్పాట్, అంటే టేబుల్ మీద దాన్ని ఉంచే గుర్తు, మీద తెల్ల బంతి పెట్టండి. నీలం, గులాబీ, నలుపు స్పాట్లు అదే నడిమి వరసలో ఉంటాయి కదా, వాటి మీదుగా పోయి ఎదుటి కుషన్‌ను, అంటే టేబుల్ అంచు మెత్తను, తాకి తిరిగి వచ్చేలా కొట్టండి. కొట్టాక క్యూను అక్కడే ఉంచండి, లేవకండి. బంతి తిరిగి వచ్చి టిప్‌ను తాకాలి. వెళ్లేటప్పుడే స్పాట్లను తప్పితే మీ పాదాన్ని చూసుకోండి. స్పాట్ల మీదుగా తిన్నగా వెళ్లి, వచ్చేటప్పుడు ఎడమకు వస్తే మీ టిప్ బంతికి ఎడమవైపు తగిలింది. కుడికి వస్తే కుడివైపు. రోజుకు 20 సార్లు తొందరపడకుండా కొడితే చాలు. మొదట్లో పాట్లు తగ్గుతాయి, నాకూ తగ్గాయి. పాత అలవాటుకు చేయి ఎన్నాళ్లుగానో సర్దుకుని ఉంటుంది, ఇప్పుడు ఆ సర్దుబాటు మానుకోవడానికి దానికి కొంత కాలం పడుతుంది.

టేబుల్ ఖాళీగా ఉంది. సుద్ద ముక్క నా జేబులో ఉంది. ఒక్కొక్కరుగా వచ్చి వంగండి, నేను నేల మీద కూర్చుంటాను.