చందమామ మీద నీలం రంగు ఎక్కడిది?

[స్క్రీన్: పౌర్ణమి చంద్రుడి మామూలు ఫొటో. మెల్లగా అదే ఫొటో నీలం, గోధుమ, నారింజ రంగుల్లోకి మారుతుంది.]

ఇలాంటి ఫొటో ఎవరైనా పోస్ట్ చేస్తే కింద వచ్చే మొదటి కామెంట్ ఒకటే: "ఫేక్!" కాదండీ. అలాగని మన కంటికి కనిపించే చంద్రుడూ ఇలా ఉండడు.

చంద్రుడి మీద నిజంగానే రంగులున్నాయి. కాకపోతే ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా చాలా స్వల్పం. పైగా ఆ నేల తన మీద పడే వెలుగులో సుమారు 12 శాతమే వెనక్కి పంపుతుంది. అందుకే మనకు బూడిద రంగే కనిపిస్తుంది. ఫొటోలో సాచురేషన్, అంటే రంగుల గాఢత, పెంచితే ఆ చిన్న తేడా పెద్దదవుతుంది. సరిగా వినబడని పాటకి వాల్యూమ్ పెంచినట్టన్నమాట. పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది కదా, ఇక్కడా అంతే. అందుకని ముందు వందల ఫ్రేములు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నాయిస్ తగ్గించుకుంటారు. రంగు పెంచడం ఆ తర్వాతి పని.

[స్క్రీన్: సీ ఆఫ్ ట్రాంక్విలిటీ మీదకి జూమ్.]

సీ ఆఫ్ ట్రాంక్విలిటీలోని ఈ నీలం చూడండి. పేరులో 'సీ' ఉన్నా ఇది సముద్రం కాదు, ఒకప్పటి లావా గడ్డకట్టిన మైదానం. బసాల్ట్ అనే ఈ లావా రాయిలో టైటానియం ఎక్కువ. ఇల్మనైట్ అనే ఖనిజం రూపంలో ఉంటుంది. అది ఎక్కువున్న చోట వెనక్కొచ్చే వెలుగులో ఎరుపు పాలు తగ్గి, నీలం పాలు కాస్త పెరుగుతుంది. పక్కనే ఉన్న సీ ఆఫ్ సెరెనిటీ మధ్య భాగంలో టైటానియం తక్కువ కాబట్టి అది గోధుమ రంగులో వస్తుంది.

ఇది ఊహ కాదు. 1969లో అపోలో 11 దిగింది ఈ నీలం ప్రాంతంలోనే. అక్కడి నుంచి తెచ్చిన బసాల్ట్ రాళ్లలో టైటానియం ఆక్సైడ్ సుమారు 10 శాతం దాకా ఉంది. భూమి మీద మామూలు బసాల్ట్‌లో ఇది 1, 2 శాతం ఉంటే ఎక్కువ. ఆ రాళ్లలో ఒక కొత్త ఖనిజం కూడా దొరికింది. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్ పేర్లలోని ముక్కలు కలిపి దానికి ఆర్మాల్కొలైట్ అని పేరు పెట్టారు. అందులోనూ టైటానియం ఉంది!

[స్క్రీన్: టైకో బిలం, దాని చుట్టూ చారలు.]

అయితే నీలం కనిపించిన ప్రతి చోటా టైటానియం అనుకోకండి. చంద్రుడి మట్టి సౌర గాలికీ (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం), సూక్ష్మ ఉల్కల దెబ్బలకీ ఏళ్ల తరబడి నలిగి ముదురుతుంది, కాస్త ఎర్రబారుతుంది. కొత్తగా బయటపడ్డ రాయి తెల్లగా, కొద్దిగా నీలంగా ఉంటుంది. ఉల్క దెబ్బకి ఏర్పడ్డ ఈ టైకో బిలం వయసు దాదాపు 11 కోట్ల ఏళ్లు. చంద్రుడి లెక్కలో పసిబిడ్డే. ముదురు నీలమైతే లావా, లేత నీలమైతే కొత్త దెబ్బ. తేడా ఇంతే.

[స్క్రీన్: చంద్రయాన్-1లోని ఎం3 పరికరం ఇచ్చిన చిత్రం.]

అసలు తికమక ఇక్కడుంది. 2009లో విడుదలైన ఈ చిత్రంలో నీలం అంటే నీరు, హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన జత) జాడలు. ఇవి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కొలతలు. వాటికి ఏ రంగు వేయాలో శాస్త్రవేత్తలే ఎంచుకున్నారు.

[స్క్రీన్: చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ లేజర్ కొలతలతో గీసిన ఎత్తుపల్లాల మ్యాప్.]

ఇందులోనేమో నీలం అంటే లోతు. దక్షిణాన ఉన్న ఆ పెద్ద నీలి మచ్చ సుమారు 2,500 కిలోమీటర్ల వెడల్పున్న సౌత్ పోల్–ఐట్‌కెన్ బేసిన్ అనే పల్లం. అక్కడ ఖనిజం ఏదో ఈ మ్యాప్ చెప్పదు. కాబట్టి కింద వివరణ లేని రంగుల చంద్రుణ్ణి చూసి ఏదీ తేల్చెయ్యకండి. అందమైన ఫొటో అనుకుని వదిలెయ్యండి, అంతే.

మీరే ఫొటో తీసి రంగు పెంచితే రెండు చోట్ల చూసుకోండి. బిలాల అంచుల్లో ఒక పక్క ఎర్ర గీత, ఎదుటి పక్క నీలం గీత వస్తే అది లెన్స్ లోపమో, మన వాతావరణం చేసిన పనో. చంద్రుడికి సంబంధం లేదు. సెరెనిటీ, ట్రాంక్విలిటీ కలిసే చోట గోధుమ రంగు ఆగిపోయి నీలం మొదలవుతుంటే మాత్రం మీ ఫొటో సరిగానే వచ్చినట్టు.