స్విచ్‌లోకి ఎవరు వచ్చారో పేరుతో తెలియాలి

లాడ్జిల్లో, ఆసుపత్రుల్లో, కాలేజీల్లో నెట్‌వర్క్ చూసుకుంటూ తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు నుంచి వచ్చిన మీ అందరికీ నమస్కారం.

మన ఊళ్లో యాత్రికుడికి గది తాళం ఇచ్చే ముందు గుర్తింపు కార్డు చూస్తారు, రిజిస్టర్‌లో పేరు రాస్తారు. అదే లాడ్జిలో మెట్ల కింద ఉన్న, కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లోకి మాత్రం మేనేజరు, కేబుల్ వేసిన మనిషి, నిరుడు ఉద్యోగం మానేసిన టెక్నీషియన్ అందరూ 'అడ్మిన్' అన్న ఒకే పేరుతో వెళ్తారు. రేపు ఎవరో వీల్యాన్ (ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడదీసే ఏర్పాటు) మార్చి బిల్లింగ్ కౌంటర్ ఆగిపోతే, స్విచ్ నమోదు చేసుకునే లాగ్‌లో కనిపించేది ఆ ఒక్క పేరే. అప్పుడు ఎవరిని అడగాలి?

కాబట్టి మొదటి పని, మనిషికో యూజర్ పేరు. మానేసినవారి పేరు ఆ రోజే తీసేయాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను ఒక్క రోజు కూడా ఉంచకూడదు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలాంటి పాస్‌వర్డ్‌ల జాబితాతోనే, దూరం నుంచి పరికరంలోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి టెల్‌నెట్ ద్వారా లక్షల కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకుంది. టెల్‌నెట్‌లో మీరు కొట్టే ప్రతి అక్షరం దాపరికం లేకుండా తీగలో ప్రయాణిస్తుంది. దాన్ని పూర్తిగా ఆపి, అదే పనిని రహస్య లిపిలో చేసే ఎస్ఎస్‌హెచ్ ఒక్కటే ఉంచండి. అది కూడా స్విచ్‌ల నిర్వహణకే కేటాయించిన మీ మేనేజ్‌మెంట్ వీల్యాన్ నుంచి మాత్రమే తెరుచుకోవాలి.

సిస్కో స్విచ్‌లలో చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. 'సర్వీస్ పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్' అన్న కమాండ్ పెడితే పాస్‌వర్డ్ గజిబిజి అక్షరాలుగా కనిపిస్తుంది. అది టైప్ 7. క్షణంలో వెనక్కి తిప్పి అసలు పాస్‌వర్డ్ చదవచ్చు. కాన్ఫిగరేషన్ (స్విచ్ సెట్టింగుల) కాపీని వాట్సాప్‌లో పంపే అలవాటున్న చోట ఇది నిజమైన ప్రమాదం. కొత్త సాఫ్ట్‌వేర్‌లో, అలా వెనక్కి తిప్పలేని టైప్ 8 లేదా టైప్ 9 వాడండి.

స్విచ్‌లు పదుల్లోకి చేరితే ఒక్కో దాంట్లో యూజర్లను రాసుకుంటూ పోవడం కుదరదు. అప్పుడు అన్ని స్విచ్‌ల లాగిన్లనూ ఒకే చోట సరిచూసే రేడియస్ లేదా టాకాక్స్ ప్లస్ సర్వర్ కావాలి. రేడియస్ తన సందేశంలో పాస్‌వర్డ్‌ను మాత్రమే దాస్తుంది. ఎవరు ఏ కమాండ్ ఇవ్వవచ్చో ఒక్కొక్కటిగా నిర్ణయించి, ఇచ్చినదాన్ని నమోదు చేయడానికి టాకాక్స్ ప్లస్ మేలు. స్విచ్ నిర్వహణకు నా ఓటు దానికే. అయితే దాని దాపరికం కూడా నేటి ప్రమాణాలకు చాలదని 2020 నాటి ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8907 స్పష్టంగా చెబుతోంది. అందుకే దాన్ని వేరే సురక్షిత నెట్‌వర్క్‌లోనే నడపాలి. గోడ సాకెట్లో ఎవరైనా ల్యాప్‌టాప్ గుచ్చకుండా ఆపేది 802.1ఎక్స్ అనే ప్రమాణం. అది ఇంకో పూట చెప్పుకోవలసినంత పెద్ద పాఠం.

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, మనమే బయట ఉండిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది కనుక. సర్వర్‌తో లాగిన్ పెట్టేందుకు సిస్కో స్విచ్‌లో 'ఏఏఏ న్యూ మోడల్' అన్న కమాండ్ ఇవ్వగానే దూరం నుంచి వచ్చే లాగిన్లన్నీ లోకల్ యూజర్ పేరు, అంటే స్విచ్‌లోనే రాసుకున్న పేరు, అడుగుతాయి. ఆ యూజర్‌ను ముందే సృష్టించాలి. లాగిన్ ఎక్కడెక్కడ సరిచూడాలో చెప్పే వరుసలో సర్వర్ తర్వాత 'లోకల్' అని తప్పక చేర్చాలి. ఆ లోకల్ యూజర్ అక్కరకు వచ్చేది సర్వర్ జవాబివ్వనప్పుడే. సర్వర్ పలికి 'కాదు' అంటే స్విచ్ లోకల్ వైపు చూడదు. ఈ తేడా తెలియక కంగారుపడి అన్నీ చెరిపేసేవారున్నారు.

మార్చేటప్పుడు ఉన్న సెషన్ మూయకండి. రెండో సెషన్ తెరిచి, సర్వర్‌తో ఒకసారి, సర్వర్ కేబుల్ పీకి ఒకసారి లాగిన్ చూడండి. రెండూ కుదిరాకే సేవ్ చేయండి. పొరపాటు జరిగితే సేవ్ చేసిన పాత కాన్ఫిగరేషన్‌కు వచ్చేందుకు స్విచ్ పది నిమిషాల్లో దానంతట అదే రీలోడ్ అయ్యేలా పెట్టుకునే పద్ధతి ఉంది కానీ, రాత్రి రెండింటికి కూడా దర్శనం ముగించుకుని జనం కౌంటర్ దగ్గర నిలబడే ఊళ్లో ఆ నిమిషాల అంతరాయం నాకు సమ్మతం కాదు. స్విచ్‌కు నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని స్విచ్ పక్కనే ఉండండి.

మరొక్క మాట. స్విచ్ గడియారం, నెట్‌వర్క్ ద్వారా సరైన సమయం ఇచ్చే ఎన్‌టీపీతో సరిచేయకపోతే లాగ్‌లో పేరు దొరికినా వేళ దొరకదు.

ఇప్పుడు ముందు వరుసలో ఉన్నవారు బల్ల దగ్గరకు రండి. ఇక్కడున్న స్విచ్‌లో మీ మీ పేర్లతో యూజర్లను సృష్టిద్దాం.