లైట్ రెడ్ వైన్ అంటే నీళ్లు కలిపింది కాదు

నమస్తే. ఇవాళ ఫ్రాన్స్‌లోని బోజొలే వైన్ గురించి. రంగు పలచగా ఉంది కాబట్టి ఆల్కహాల్ కూడా తక్కువే ఉంటుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. సీసా తిప్పి లేబుల్ చూడండి. మామూలుగా పన్నెండున్నర, పదమూడు శాతం ఉంటుంది. గ్లాసులో నల్లగా కనిపించే చాలా వైన్లదీ దాదాపు అదే లెక్క. తేడా అంతా వగరులో ఉంది.

టీ సంగతి చూడండి. ఆకుని వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి తీసేస్తే వాసన, రుచి వస్తాయి. పావుగంట మరిగిస్తే నాలుక పిడచకట్టుకుపోతుంది. ఆ పని చేసేది టానిన్లు. ద్రాక్షలో అవి తొక్కలోనూ గింజలోనూ తొడిమలోనూ ఉంటాయి. రంగు ఉండేదీ తొక్కలోనే. ఆల్కహాల్ మాత్రం రసంలోని చక్కెర నుంచి వస్తుంది. టీ రంగు చూసి అందులో ఎన్ని చెంచాల పంచదార వేశారో చెప్పగలరా? వైన్ రంగు చూసి ఆల్కహాల్ చెప్పడమూ అంతే.

[స్క్రీన్ మీద మ్యాప్: పైన బర్గండీ, కింద లియాన్, మధ్యలో బోజొలే]

ఇక్కడి ద్రాక్ష పేరు గమే. తొందరగా పండుతుంది, విపరీతంగా కాస్తుంది. రైతుకి అంతకంటే ఏం కావాలి? కానీ 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ద బోల్డ్ దీన్ని పీకేయమని హుకుం జారీ చేశాడు. ఆ ఉత్తర్వులో గమేని చాలా చెడ్డదని, నమ్మకద్రోహి అని తిట్టించాడు. పాపం, మొక్క ఏం ద్రోహం చేసిందో! ఆయన ముద్దుబిడ్డ పీనో న్వార్ అనే ఇంకో నల్లద్రాక్ష. తర్వాత డీఎన్ఏ పరీక్షల్లో తేలిందేమిటంటే, గమే ఆ పీనో న్వార్‌కి పుట్టిందే. రెండో వైపు గ్వే బ్లాంక్ అనే తెల్లద్రాక్ష, అప్పట్లో దాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేసేవారు కాదు. బర్గండీలో చోటు దక్కని గమే దక్షిణాన బోజొలే గ్రానైట్ కొండల మీద స్థిరపడింది. నన్నడిగితే దానికి అసలు నేల అదే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. మామూలుగా రెడ్ వైన్‌కి ద్రాక్ష చితక్కొట్టి, తొక్కలతో సహా పులియబెడతారు. బోజొలేలో చాలామంది గుత్తులు గుత్తులుగానే తొట్టిలో వేస్తారు. అడుగున ఉన్నవి బరువుకి చితికి పులుస్తాయి. వాటి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ తొట్టి నిండా కమ్ముకుంటుంది. గాలి ఆడని ఆ స్థితిలో, పైనున్న పండు లోపలే, తొక్క పగలకుండానే పులియడం మొదలవుతుంది. ఈస్ట్ అక్కర్లేదు, పండులోని ఎంజైములే ఆ పని చేస్తాయి. అంటే నీళ్లలో వేయకుండానే టీ ఆకు తనలో తానే కాస్త టీ అయిపోవడం లాంటిది! (ఉపమానం సాగింది, తెలుసు.) ఆల్కహాల్ రెండు శాతం దాటేలోపే పండ్లు పగిలిపోతాయి, మిగతాది మామూలు ఈస్టే పూర్తి చేస్తుంది. తొక్కలు ఎక్కువ రోజులు నానవు కాబట్టి వగరు తక్కువ. స్ట్రాబెర్రీ, ఒక్కోసారి అరటిపండు వాసనలు మాత్రం గుప్పుమంటాయి.

రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదనే రూల్ కూడా దీనికి వర్తించదు. చిక్కటి డికాషన్ చల్లబడితే వగరు ఇంకా పొడుచుకొస్తుంది. పలచటి టీకి ఆ బాధ లేదు. పన్నెండు, పద్నాలుగు డిగ్రీల దగ్గర తాగండి. గది ఉష్ణోగ్రత అన్న మాట యూరప్‌లోని చల్లటి పాత ఇళ్లలో పుట్టింది. మే నెల విజయవాడ గదికి ఆ మాట అప్పజెప్తే ఎలా?

టైమ్ అయిపోతోంది, తిండి దగ్గరికి వచ్చేద్దాం. లియాన్‌లో బూషోఁ అనే చిన్న భోజనశాలల్లో దీన్ని పంది మాంసం సాసేజీలతో, పాతే అనే మెత్తగా నూరిన మాంసం ముద్దతో తాగుతారు. ఇందులోని పులుపు కొవ్వుని కోసేస్తుంది. కాల్చిన కోడి, పుట్టగొడుగులు, మేకపాల చీజ్, సాల్మన్ చేప కూడా బాగా కుదురుతాయి. కారం తినేవాళ్లకి ఒక మాట: వగరూ ఆల్కహాలూ రెండూ ఎక్కువున్న వైన్ మిరప మంటని పెంచుతుంది. కోడి వేపుడు పక్కన ఏదో ఒక రెడ్ పెట్టాల్సిందే అంటే చల్లటి గమే నయం. గోంగూర మటన్‌తో మాత్రం వద్దు, ఆ పులుపు ముందు ఇది నిలవదు.

చివరిగా కొనేటప్పుడు. బోజొలే నూవో అంటే ఆ ఏటి పంట, 1985 నుంచి నవంబర్ మూడో గురువారం విడుదలవుతోంది. అమెరికాలో ఉన్నవాళ్లకి సరిగ్గా వారానికి థాంక్స్‌గివింగ్ పండగ టర్కీ కోడి వస్తుంది, జోడీ బాగుంటుంది. కానీ నూవో తాగి బోజొలే అంటే ఇంతే అనుకోవద్దు. పది ఊళ్ల, కొండల పేర్లతో వచ్చే క్రూ అనే మేలురకం వైన్లున్నాయి. సుతిమెత్తగా కావాలంటే ఫ్లూరీ, కాస్త గట్టిగా కావాలంటే మోర్గోన్. వాటి లేబుల్ మీద బోజొలే అన్న పేరు పెద్దగా కనిపించకపోవచ్చు, కాబట్టి షాపులో ఊరి పేరే అడగండి.